మూడో నిమిషంలో టాబ్లెట్ల షీటు

మార్చి 2, ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి నేను తీసిన చిన్న సినిమా లింకు 14 మందికి పంపాను. సినిమా నిడివి 19 నిమిషాలు. 9:36కి మొదటి జవాబు వచ్చింది. "సూపర్ రా, ఏడిపించేశావ్." ఆరు నిమిషాల్లో 19 నిమిషాల సినిమా ఎవరూ చూడలేరు. పెట్టినవాడు నాకు స్కూల్ నుంచి స్నేహితుడు, నా మీద ప్రేమతోనే పెట్టాడు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు నెలలు సెలవులన్నీ పెట్టి చేసిన పనిని ఎవరైనా నిజంగా చూస్తారా అన్న దిగులు మొదలైంది.

సినిమా సంగతి ముందు చెప్తాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయిన కుర్రాడు పండక్కి తెనాలి వస్తాడు. అమ్మకి ఆ మాట చెప్పడు. అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. రాత్రి వాడి చొక్కాకి ఊడిన గుండీ కుడుతూ ఏదో జరిగిందని గ్రహిస్తుంది, కానీ అడగదు. తెల్లారి వాడు బయల్దేరి వెళ్లిపోతాడు. అంతే కథ.

తీసింది 2025 జనవరి 15, 16, 17 తేదీల్లో. మేం ఐదుగురం, అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే. సంక్రాంతికి తప్ప మూడు రోజులు కలిసి దొరకం. అమ్మ పాత్ర మా పిన్ని వేసింది. ఆవిడ నిజంగానే తెనాలిలో 20 ఏళ్లుగా బట్టలు కుడుతుంది, నటన ఎప్పుడూ తెలియదు. షూటింగ్ కూడా ఆవిడ ఇంట్లోనే. కెమెరా, లెన్సు, ట్రైపాడ్ మూడు రోజుల అద్దె 9,000, రెండు లైట్లు 2,400, తిండికి 6,800, రైలు, ఆటోలకి 5,200, హార్డ్ డిస్క్ 4,500. మొత్తం 27,900 రూపాయలు. పిన్ని డబ్బు తీసుకోలేదు.

లింకు పంపాక ఎదురుచూపు మొదలైంది. పది రోజులు. 14 మందిలో తొమ్మిది మంది జవాబిచ్చారు. ఆరుగురు ఒక్క మాటతోనో, ఒక దణ్ణం బొమ్మతోనో సరిపెట్టారు. మిగిలిన ముగ్గురూ కాస్త వివరంగా రాశారు, ముగ్గురూ రాసింది ఒకటే: మధ్యలో లాగ్ ఉంది. వాళ్లలో ఒకడు "ఆ ఫోన్ సీన్ తీసేయ్, బోరు" అన్నాడు. అసలు అభిప్రాయం దొరకడమే అపురూపంగా ఉన్న రోజులు అవి. ఎంత ఆకలిగా ఉన్నానంటే, అన్న మాట అన్నట్టే చేసేశాను. ఫోన్ సీన్ పీకేసి, ఇంకో రెండు చోట్ల కత్తిరించి 16 నిమిషాలకి తెచ్చాను. కుర్రాడి ఉద్యోగం పోయిందని తెలిసేది ఆ ఫోన్ సీన్‌లోనే. నాకు కథ తెలుసు కాబట్టి అది లేకపోయినా తెలుస్తుందనిపించింది. వాడి మెడలో ఐడీ కార్డు లేదు, బ్యాగులో లాప్‌టాప్ లేదు, అది చాలు అనుకున్నాను. తెర మీద లేని వస్తువుని చూసేవాళ్లు గమనించరన్న సంగతి నాకు ఇంకా అనుభవంలోకి రాలేదు.

అప్పటికి ఒకటి మాత్రం అర్థమైంది. ఫోన్లో లింకు పంపితే ఉపయోగం లేదు, మనుషుల్ని కూర్చోబెట్టి చూపించాలి. మార్చి 16, ఆదివారం సాయంత్రం మా రూమ్‌కి ఏడుగురిని పిలిచాను. టీ, సమోసాలకి 640, లాప్‌టాప్ నుంచి టీవీకి కేబుల్ 350. మొదటి దెబ్బ సౌండుతోనే తగిలింది. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎడిట్ చేశాను. టీవీలో వేస్తే పిన్ని మాటలు సంగీతం కింద మునిగిపోయాయి. మొదటి నిమిషంలోనే ఇద్దరు "ఏమంది?" అని పక్కవాళ్లని అడిగారు. మీరు ఎవరికైనా చూపించబోతుంటే, ముందురోజే అదే టీవీలో, అదే గదిలో ఒకసారి వేసి చూసుకోండి.

నేను వెనక కూర్చున్నాను, టీవీ కాదు, వాళ్ల తలలు కనపడేలా. ఎవరు ఎప్పుడు కదిలారు, ఎప్పుడు ఫోన్ చూశారు, టైము కాగితం మీద రాసుకున్నాను. గుండీ కుట్టే సీన్‌లో ఒక్కరు కూడా కదల్లేదు. చివరి రెండు నిమిషాల్లో మాత్రం ఏడుగురిలో నలుగురు కాళ్లు సర్దుకున్నారు. సినిమా అయిపోయాక కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం మంచిదో చెడ్డదో తెలియక నా చేతులు చల్లబడ్డాయి. తర్వాత ఒకడు అడిగాడు. "అయిపోయిందా?"

ఏడుగురిలో ఐదుగురు ఒకటే మాట: ఎండింగ్ బాలేదు. ఏదో జరుగుతుందని చూస్తుంటే ఏమీ జరగకుండా అయిపోయింది. అక్కడ నేను పెద్ద తప్పు చేశాను. వివరించడం మొదలుపెట్టాను. అమ్మ అడగకపోవడమే ముగింపు అని, ఆ మౌనంలోనే అంతా ఉందని 20 నిమిషాలు చెప్పాను. చెప్తుంటే వాళ్ల ముఖాలు మారాయి. "ఓ, అలాగా. అయితే బాగుంది" అన్నారు. ఆ తర్వాత ఒక్కరు కూడా మనసులో మాట చెప్పలేదు. నేను బాధపడుతున్నానని వాళ్లకి తెలిసిపోయింది. ఇక వాళ్ల పని నన్ను ఓదార్చడం అయింది. ఇంకోటి, ఆ ఏడుగురూ నాకు ఇక పనికిరారు. ఒకసారి కథ తెలిసినవాళ్లకి రెండోసారి చూపిస్తే కొత్తగా చూడలేరు. మొదటిసారి చూసే మనిషి ఒక్కసారికే దొరుకుతాడు. నేను అప్పటికి 21 మందిని వాడేసుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు ఆఫీసు నుంచి వచ్చి ఎండింగ్ మీదే కూర్చున్నాను. ఐదు రకాలుగా కట్ చేశాను. ఒకదాంట్లో అమ్మ ఏడుస్తుంది, ఒకదాంట్లో కొడుకు వెనక్కి తిరిగి చూస్తాడు, ఒకదాంట్లో బస్సు హారన్‌తో బ్లాక్ అవుతుంది. ఏదీ నచ్చలేదు. రాత్రి ఒంటిగంటకి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ మూసేసి, ఇక దీన్ని ఎవరికీ చూపించనని రెండుసార్లు అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కాలేజీ జూనియర్ ఒకడు తన తొమ్మిది నిమిషాల సినిమా పంపాడు. "అన్నా, నిజంగా ఎలా ఉందో చెప్పు" అన్నాడు. నాకు ఎవరూ నిజం చెప్పలేదన్న బాధ లోపల ఉంది కదా, వీడికైనా నేను నిజం చెప్పాలని గట్టిగా అనుకున్నాను. మార్చి 21 రాత్రి మూడుసార్లు చూసి, పదకొండున్నరకి వాట్సాప్‌లో 23 పాయింట్లు పంపాను. మొదటి పాయింటు "హీరో నటన బలహీనం." నేను ఆ పని శ్రద్ధగానే చేశాను, రెండు గంటలు పట్టింది. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. ఒకరోజు, రెండు రోజులు, తొమ్మిది రోజులు. పదో రోజు "థాంక్స్ అన్నా" అని రెండే మాటలు. ఏదో తప్పు జరిగిందని తెలిసింది గానీ, ఏమిటో తెలియలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఏప్రిల్ 6 శ్రీరామనవమి, ఆదివారం. పిన్నికి సినిమా చూపించాలి, జనవరి నుంచి అడుగుతూనే ఉంది. శనివారం రాత్రి రైలెక్కి తెనాలి వెళ్లాను. వీధి చప్పుళ్లు రికార్డ్ చేసుకుందామని స్నేహితుడి సౌండ్ రికార్డర్ కూడా పట్టుకెళ్లాను. సాయంత్రం పందిరి దగ్గర పానకం, వడపప్పు పంచడం అయ్యాక వీధిలోవాళ్లు ఎనిమిది మంది పిన్ని ఇంట్లో చేరారు. పక్కింటి మామ్మగారు, ఎదురింటి దంపతులు, వాళ్ల పదేళ్ల పాప, పిన్ని దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఇద్దరు, ఇంకో ఇద్దరు. వీళ్లు నా కోసం రాలేదు, పిన్నిని టీవీలో చూడ్డానికి వచ్చారు.

సినిమా అయ్యాక "ఎలా ఉంది?" అని అడిగే ఓపిక నాకు లేదు. మళ్లీ "ఎండింగ్ బాలేదు" అనే మాట వినలేను. అందుకని పాపని అడిగాను. "కథ ఏంటో చెప్పమ్మా." పిల్లలకి సినిమా కథ చెప్పడం ఇష్టం కదా, గడగడా చెప్పేసింది. "ఒక అన్న ఊరొస్తాడు. వాళ్లమ్మకి ఒంట్లో బాలేదు. చెప్తే ఆ అన్న భయపడతాడని అమ్మ చెప్పదు. అన్న వెళ్లిపోతాడు. తర్వాత అమ్మ చచ్చిపోతుంది. కానీ అది చూపించలేదు."

ముందు నాకు అర్థం కాలేదు. "అమ్మకి బాలేదని ఎవరు చెప్పారు?"

"మందులున్నాయిగా మిషన్ మీద!"

గదిలో ఉన్న పెద్దవాళ్లలో నలుగురు తలూపారు. ఎదురింటాయన "అవునండీ, నేనూ గుండె జబ్బేమో అనుకున్నా" అన్నాడు. వెనక్కి తిప్పి వేశాను. మూడో నిమిషం. మిషన్ చక్రం తిరుగుతుంటే తీసిన 11 సెకన్ల షాట్. చక్రం పక్కన, దారపు ఉండల మధ్య టాబ్లెట్ల షీటు. మేం పెట్టిన లైటుకి దాని వెండి రేకు మెరుస్తోంది. ఆ వెంటనే పిన్ని కొంగుతో నుదురు తుడుచుకునే షాట్. దాన్ని నేను కనీసం 200 సార్లు చూసుంటాను. ఒక్కసారి కూడా ఆ షీటు నా కంటికి ఆనలేదు. 1920ల ప్రాంతంలో రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు చేసిన ప్రయోగం గురించి నేను చదివే ఉన్నాను. ఒకే ముఖాన్ని సూపు గిన్నె పక్కన పెడితే ఆకలిగా, శవపేటిక పక్కన పెడితే దుఃఖంగా కనపడుతుందని. చదివాను గానీ, మా సినిమాలో అదే జరిగిందని పదేళ్ల పాప చెప్పేదాకా తెలియలేదు.

అంటే రూమ్‌లో చూసినవాళ్లు కూడా మూడో నిమిషం నుంచి అమ్మకి ఏమవుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నారన్నమాట. ఏమీ కాలేదు. అందుకే ఎండింగ్ బాలేదు. వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం, కానీ తప్పున్నది చివర్లో కాదు. నేను మూడు వారాలు మంచి ముగింపుని పట్టుకుని నలిపాను.

అప్పుడు పిన్ని ముఖం చూశాను. "అవి నా బీపీ టాబ్లెట్లు నాన్నా" అంది మెల్లగా. "నా వల్లే పాడైందా?" ఆ మాట వినగానే నాకు కడుపులో దేవినట్టయింది. ఆవిడ టిఫిన్ తిని ఎనిమిదింటికి టాబ్లెట్ వేసుకోవాలి. ఆ రోజు మా టిఫిన్ పదకొండింటికి వచ్చింది. మర్చిపోతానేమోనని కళ్లెదురుగా మిషన్ మీద పెట్టుకుంది. కెమెరా ఫోకస్ ఉందా, బ్యాటరీ ఉందా అని పదిసార్లు అడిగినవాణ్ని, పొద్దున ఆరు నుంచి మిషన్ ముందు కూర్చున్న మనిషిని తిన్నావా అని అడగలేదు. "నీ వల్ల కాదు పిన్నీ" అన్నాను గానీ, అంతకన్నా మాట రాలేదు.

ఈ గొడవంతా అయ్యాక మామ్మగారు నోరు విప్పారు. ఆవిడకి 80 దాటాయి. "అంతా బాగానే ఉంది గానీ అబ్బాయ్, ఆ తల్లి కొడుకుని ఎందుకు తరిమేసింది?"

"తరిమేయలేదు మామ్మగారూ, వాడే వెళ్తున్నాడు."

"మరి రథం ముగ్గుందిగా వాకిట్లో. కనుమ నాడు కాకైనా కదలదంటారు. కనుమ నాడు కొడుకు బ్యాగు తగిలించుకుని పోతుంటే, ఉండరా అని ఒక్క మాటైనా అనదా ఏ తల్లైనా?"

అది కూడా నిజమే. వాడు వెళ్లిపోయే షాట్ మేం మొదటి రోజు పొద్దున్నే తీశాం, జనవరి 15, కనుమ. వీధంతా రథం ముగ్గులు. 40 సెకన్ల వైడ్ షాట్‌లో పిన్ని వాకిట్లో ముగ్గు గేటు దాటి పక్కింటి దాకా చక్కగా కనపడుతోంది. వాడు వచ్చే షాట్ 17 సాయంత్రం తీశాం, అప్పటికి మామూలు చుక్కల ముగ్గు. హైదరాబాద్ రూమ్‌లో చూసిన ఏడుగురికీ అది అందమైన ముగ్గు, అంతే. మామ్మగారికి అది తేదీ.

ఆ రాత్రి డాబా మీద పడుకుని ఆలోచించాను. మొదట తోచింది మళ్లీ షూట్ చేయాలని. లెక్క వేస్తే 11,000 దాటుతోంది. పైగా ఏప్రిల్ ఎండ జనవరి మంచులో కలవదు, కొడుకు వేషం వేసినవాడు అప్పటికే గుండు చేయించుకున్నాడు. రెండున్నరకేమో, ఇంకో ఆలోచన వచ్చింది. మామ్మగారి మాటనే అమ్మ నోట్లో పెడితే? ఆ వైడ్ షాట్‌లో అమ్మ వీపే కనపడుతుంది, పెదాలు కలవాల్సిన పని లేదు.

మర్నాడు పొద్దున్నే రికార్డర్ తీశాను. డబ్బింగ్ స్టూడియో వెతకాలేమో అనుకున్నాను, అవసరమే పడలేదు. పిన్ని కుట్టు గదిలో నాలుగు గోడలకీ బట్టలు వేలాడుతుంటాయి, కింద ముక్కల మూటలు. గొంతు ఎక్కడా ప్రతిధ్వనించదు. ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, పావుగంటలో ఆరు టేకులు తీశాం. చెమటతో తడిసిపోయాం. ఆరో టేకులో పిన్ని ఇలా అంది: "కనుమ నాడు కాకైనా కదలదంటార్రా… రేపెళ్దువులే." కొడుకు జవాబు హైదరాబాద్ వచ్చాక రికార్డ్ చేశాను. "డ్యూటీ ఉందమ్మా." అది కుదరడానికి మూడు రోజులు పట్టింది. మా రూమ్‌లో చేస్తే బాత్రూంలో మాట్లాడినట్టు వచ్చింది. చివరికి నిలబెట్టిన రెండు పరుపుల మధ్య వాణ్ని కూర్చోబెట్టి చెప్పించాను.

టాబ్లెట్ల సంగతి తేలిగ్గా తేలింది. మేం 4కే సైజులో తీశాం, సినిమాని దానికన్నా చిన్నదైన 1080 సైజులో ఎడిట్ చేస్తున్నాం. అందుకని షాట్‌ని జూమ్ చేసినా క్వాలిటీ పోలేదు. కొంచెం లోపలికి జరిపితే షీటు ఫ్రేమ్ బయటికి పోయింది. రెండు నిమిషాల పని. ఎండింగ్ మీద పోయిన ఆ మూడు వారాలు తలచుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తీసేసిన ఫోన్ సీన్‌ని వెనక్కి తెచ్చాను, మొత్తం కాదు, 35 సెకన్లు. అది బోరన్నవాడి మీద నాకు కోపం లేదు. వాడికి అక్కడ బోరు కొట్టింది, అది వాడికే తెలుసు. తీసేయాలా, తగ్గించాలా, ముందుకు జరపాలా అన్నది నేను తేల్చుకోవాల్సిన పని. దాన్ని వాడికి వదిలేశాను. ఆ సీన్‌తో కుర్రాడికి ఉద్యోగం లేదని తెలుస్తుంది. తెలిశాక "డ్యూటీ ఉందమ్మా" అనే మాట ఎంత బరువెక్కిందంటే, మొదటిసారి అన్నీ కలిపి చూసుకున్నప్పుడు నాకే గొంతు పట్టేసింది. ఐదు ఎండింగ్‌లూ పక్కన పెట్టి మొదట రాసుకున్న ముగింపే ఉంచాను. ఏప్రిల్ 27న ఎడిట్ లాక్ అయింది, ఇక కట్ మార్చేది లేదు, నిడివి 14 నిమిషాల 20 సెకన్లు.

లాక్ చేసిన రోజే జూనియర్‌కి ఫోన్ చేశాను. ఒకరి మాట మనిషిని ఎక్కడ తాకుతుందో అప్పటికి కొంత తెలిసింది. "నా మెసేజ్ వల్ల బాధపడ్డావా?" అని సూటిగా అడిగాను. కాసేపు ఊరుకుని చెప్పాడు. "అన్నా, ఆ హీరో మా తమ్ముడు. మెసేజ్ నా పక్కన కూర్చుని వాడే చదివాడు." ఆ తర్వాత వారం రోజులు ప్రాజెక్ట్ ఫైల్ తెరవలేకపోయాడట. "23లో 15 నేను మార్చలేనివి అన్నా. వేరే లొకేషన్ ఉండాల్సింది అన్నావ్, ఆ ఇల్లు ఇప్పుడు లేదు, కూలగొట్టేశారు." వాడి తమ్ముడికి కూడా ఫోన్ ఇమ్మని క్షమించమని అడిగాను. ఇంటర్ చదివే పిల్లవాడు, "పర్లేదన్నా" అన్నాడు. ఆ "పర్లేదు" ఇంకా నా చెవిలో ఉంది.

మే 4న వాడి రూమ్‌కే వెళ్లాను. ముందు మూడు అడిగాను. ఇప్పుడు నీ చేతిలో ఏం మిగిలింది? వాడని ఫుటేజ్ ఉందా? నీకు ఎక్కడ అనుమానంగా ఉంది? వాడికి అనుమానం ఉన్న చోటు ఒక్కటే, ఐదో నిమిషం. నా 23 పాయింట్లలో ఆ ఐదో నిమిషం లేనే లేదు. తర్వాత ఇద్దరం కలిసి చూస్తూ, ప్రతి రెండు నిమిషాలకీ ఆపి, ఆ క్షణంలో నాకు ఏమనిపిస్తోందో, తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నానో మాత్రం చెప్పాను. అమెరికాలో లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు 1990లో ఇలాంటి సమీక్షలకి ఒక పద్ధతి పెట్టారు. అందులో అభిప్రాయం చెప్పేముందు "దీని మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అనుమతి అడగాలి. ఆరోజు నేను రెండుసార్లు అలా అడిగాను. ఒకసారి "చెప్పన్నా" అన్నాడు. రెండోసారి "వద్దన్నా, అది నేను కావాలనే చేశాను" అన్నాడు. వద్దన్నప్పుడు ఊరుకోవడం కష్టంగానే ఉంది, కానీ ఊరుకున్నాను. ఐదో నిమిషానికి వాడు వాడకుండా వదిలేసిన షాట్‌లోనే మందు దొరికింది. తమ్ముడు డైలాగ్ చెప్పకుండా చెప్పులు విడిచే షాట్. ఆ షాట్‌లో ఆ పిల్లవాడు చాలా బాగా చేశాడు. అదే మాట చెప్పాను.

బదులుగా వాడు నా సినిమా చూసి ఒక్కటే అన్నాడు. "గుండీ కుట్టేటప్పుడు మ్యూజిక్ ఎందుకన్నా? సూది చప్పుడు వినపడట్లేదు." ఆ మ్యూజిక్ మీద నాకు చాలా మమకారం. వారాల తరబడి తీయలేదు. మే నెలాఖరులో సౌండ్ మిక్సింగ్ చేసినాయన ఏమీ తెలియకుండానే అదే మాట అన్నారు. సంబంధం లేని ఇద్దరు ఒకే చోట వేలు పెడితే ఇక వాదించలేదు, తీసేశాం. మిక్సింగ్‌కి 8,000, కలర్‌కి 5,000 అయ్యాయి.

జూన్ 8, ఆదివారం. కథ ఒక్క ముక్క కూడా తెలియని ఆరుగురిని కష్టపడి పోగేశాను. సౌండ్ ముందురోజే చూసుకున్నాను. అయిపోయాక ఒక చీటీ ఇచ్చి, ఒకే ప్రశ్న అడిగాను. వాడు ఎందుకు వెళ్లిపోయాడు? ఆరుగురిలో ఐదుగురు ఉద్యోగం పోయిందని, అమ్మ ముందు ఉండలేకపోయాడని రాశారు. ఎవరూ జబ్బు మాట ఎత్తలేదు. ఆ చీటీలు దాచుకున్నాను.

ఆరో చీటీ ఒక స్నేహితుడి చెల్లెలిది. ఆమె ఇలా రాసింది: "వాడు ఎందుకు వెళ్లాడో అర్థమైంది. కానీ మీ సినిమాల్లో అమ్మ ఎప్పుడూ అన్నీ తెలిసి నోరు మూసుకునే ఉంటుంది. ఆమె ఒక్కసారైనా గట్టిగా అడగదా?" నేను వివరించలేదు. ఎందుకలా అనిపించిందని మాత్రం అడిగాను. వాళ్లింట్లో సంగతులు కొన్ని చెప్పింది, అవి ఇక్కడ రాయను. టాబ్లెట్ల షీటులాగా దీన్ని ఫ్రేమ్ బయటికి జరపలేను. ఆమెకి సినిమా అర్థం కాకపోవడం కాదు, బాగా అర్థమై నచ్చలేదు. నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. తర్వాత రాస్తున్న కథలో అమ్మ పాత్ర దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ చీటీ గుర్తొస్తోంది.

జూన్ నెలలో మూడు ఫెస్టివల్స్‌కి పంపాను, ఫీజులన్నీ కలిపి 4,100. ఒకదాని నుంచి తీసుకోలేదని మెయిల్ వచ్చింది, కారణం రాయలేదు. మిగిలిన రెండింటి కోసం ఎదురుచూస్తున్నాను. తెనాలి ప్రయాణానికి అయిన 1,900, టీ, సమోసాలు, కేబుల్ కలిపితే అందరికీ చూపించడానికి నాకు అయింది 2,890 రూపాయలు. మొత్తం ఖర్చులో నాకు ఎక్కువ తిరిగొచ్చింది ఆ డబ్బే.

జూలైలో తెనాలి వెళ్లి మామ్మగారికి, పిన్నికి ఆఖరి కాపీ వేసి చూపించాను. "కనుమ నాడు కాకైనా కదలదంటార్రా" అనగానే మామ్మగారు టీవీ వైపు వేలు చూపించి, "ఆ! ఇప్పుడు తల్లిలా ఉంది" అన్నారు. పిన్ని ఏమీ అనలేదు. అయిపోయాక లేచి వంటింట్లోకి వెళ్తూ, మళ్లీ సినిమా తీస్తే చేస్తానంది, టిఫిన్ మాత్రం ఎనిమిదింటికి పెట్టాలంది. తర్వాతి షూటింగ్ ప్లాన్ రాయడం మొదలుపెట్టాను. మొదటి లైను: "ఉదయం 7:45, పిన్నికి టిఫిన్. 8:00, టాబ్లెట్." రెండో లైనులో కెమెరా ఉంది.